రాతి పెట్టెలోని వేళ్లు

మా చెరుకు తోట మెరక మీద తవ్వితే ఏడడుగుల రాక్షసుడి ఎముకలు బయటపడ్డాయని నేను చాలామందికి చెప్పాను. తొడ ఎముక నా నడుము దాకా వచ్చిందన్నాను. పుర్రెలో బియ్యం పోస్తూ ఉంటే నిండనే లేదన్నాను. పెళ్లి పందిళ్లలో చెప్పాను, బోధన్ బస్టాండు హోటళ్లలో చెప్పాను, మనవరాలి బడికి పోయి పంతుళ్లకు కూడా చెప్పాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గనుక ఒప్పుకోక తప్పదు. ఆ మనిషి నాకంటే పొట్టి. తొడ ఎముకను నా తొడకు ఆనించి చూస్తే మోకాలు అందలేదు. కానీ పొట్టి మనిషి ఎముకలంటే ఎవరు వింటారు? రాక్షసుడంటే కూర్చోబెట్టి చాయ్ పోస్తారు.

చేతి ఎముకల గురించి మాత్రం ఎన్నడూ పెంచి చెప్పలేదు. వాటికి నా సాయం అక్కర్లేదు.

మాది మోస్రా పక్కన ఊరు. నిజాంసాగర్ కాలువ కింద వరి, చెరుకు. మా హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేళ్లకు జరిగిన మాట ఇది. మా చెరుకు తోట చివర చిన్న మెరక, దాని మీద గుండ్రంగా పాతిన పెద్ద పెద్ద రాళ్లు. వాటిని రాక్షస గుళ్లు అనేవారు. ఎవరు పాతారో, ఎందుకు పాతారో ఎవరికీ తెలియదు. అక్కడ ఎడ్లు గడ్డి ముట్టవని మా అవ్వ చెప్పేది. ముట్టేవి, మేపింది నేనే. అయితే రాళ్ల నడుమ ఒక చోట కాలు పెడితే కింద డొల్లగా మోగేది. గట్టిగా తొక్కితే, లోపల ఎవరో తలుపు తట్టి ఆగినట్టు ఇంకో చిన్న చప్పుడు వచ్చేది. ఇది మాత్రం నిజం.

ఫ్యాక్టరీకి పోయినంత చెరుకు పోగా మిగిలింది గానుగకు పెట్టి బెల్లం వండేవాళ్లం. ఆ పనిలో మా అన్నకు చుట్టుపక్కల ఎదురులేదు. బెల్లం వండటం తెలియనివాళ్ల కోసం చెబుతాను. పెద్ద పెనంలో రసం మరిగి మరిగి చిక్కబడ్డాక, సరైన క్షణంలో పెనం దించాలి. తొందరపడితే బెల్లం గట్టిపడదు, ఆలస్యమైతే మాడి చేదవుతుంది. ఆ క్షణం తెలుసుకోవడానికి పాకం పట్టేవాడు వేళ్లను చన్నీళ్లలో ముంచి, చటుక్కున ఇంత పాకం తీసి, మళ్లీ నీళ్లలో ముంచి ఉండ కడుతుందేమో చూస్తాడు. ఎవడైనా అంతే. మా అన్న మాత్రం నీళ్లు ముట్టేవాడు కాదు. కుతకుతా ఉడికే పెనంలోకి వట్టి వేళ్లు పోనిచ్చి, పాకం తీసి, బొటనవేలితో నెమ్మదిగా నలిపి, సినిమా చూసినంత తీరిగ్గా దానివంక చూసి "దించుండ్రి" అనేవాడు.

జనం గుడ్లప్పగించి చూసేవారు. "అగ్గి గూడ ఆయనకు మొక్కుతదిరా" అనేవారు. నవీపేట్ అవతల నుంచి కూడా బండి పంపి పిలిపించుకునేవారు. ఆ వేళ్ల మీద బొబ్బలు, మచ్చలు ఉండేవి. చిటికెన వేలు కొంచెం లోపలికి వంగి ఉండేది. పనివాడి చెయ్యి అట్లాగే ఉంటుందనుకున్నాం. మల్లయోధుడికి చెవులు నలిగి ఉండవూ, అట్లా. ఆ చేతిని చూసుకుని మా ఇల్లంతా మీసం తిప్పింది. అందరికంటే ఎక్కువ తిప్పినవాణ్ణి నేను.

ఆ ఏడు కాలువ ఊట వచ్చి పాత పొయ్యి గుంత చెమ్మబారింది. మంట లేవడం లేదు. ఊట తగలని జాగా కావాలంటే మెరక ఒక్కటే. గుళ్ల మధ్య తవ్వుదామని బాపు, మా నాన్న, అన్నాడు. అవ్వ వద్దంది. వద్దన్న పని చేయడంలో మా ఇంట్లో మగవాళ్లందరం ఒక్కటే. చలికాలం పొద్దున బాపు, అన్న, నేను గడ్డపారలు పట్టుకుని పోయాం.

నడుములోతు తవ్వగానే నిలువుగా పాతిన రాతి పలక తగిలింది. దానికి భుజం దాకా చెయ్యి దూరేంత గుండ్రటి బెజ్జం. గిన్నె బోర్లించి గీసినంత గుండ్రం. మట్టి తొలగించగానే ఆ బెజ్జంలోంచి వెచ్చటి గాలి, సన్నటి పొగలాగా, బయటికి వచ్చింది. చలికాలం పొద్దున మాట్లాడితే మన నోట్లోంచి వచ్చే పొగ ఎట్లా ఉంటుందో అచ్చం అదే. చలికాలంలో బావి నీళ్లు వెచ్చగా ఉంటాయి గదా, భూమి లోపలి గాలీ అంతేనని తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"తమ్మీ, చెయ్యి వెట్టి సూడురా" అన్నాడు అన్న.

"నేనెందుకు వెడతనే? పెద్దోనివి నువ్వున్నవ్ గద."

"లంకెబిందెలుంటే మాత్రం చిన్నోనికే ముందుగాల కావాలె" అని నవ్వి, అన్న పక్కకు వాలి చెయ్యి లోపలికి పోనిచ్చాడు. చెంప రాతికి ఆనించి, కళ్లు మూసుకుని లోపల వెతికాడు. బయటికి తీసేసరికి అరచేతిలో నల్లటి కుండ పెంకు, తుప్పు పట్టిన కత్తి ముక్క. వేలికి ఇంత తేలు కొండి దిగి వేలాడుతోంది. అన్న దాన్ని చూసి నవ్వుతున్నాడు.

తేలు లేదు. తేలు లేకపోతే ఈ ముచ్చట ఎవరూ నమ్మరని చాలా ఏళ్ల కింద పెట్టాను. తీసేద్దామంటే అదిక్కడే స్థిరపడింది. ఉన్నదేమిటంటే, పగిలిన పెంకు అంచుకు అన్న చూపుడువేలు నిలువునా చీరుకుపోయింది. నెత్తురు మణికట్టు దాకా కారి తవ్విన మట్టిమీద బొట్లు బొట్లుగా పడుతోంది. ఆయన ఆ చేత్తోనే పెంకు తిప్పి తిప్పి చూపిస్తూ "సూడు బాపూ, మస్తు నునుపుంది" అంటున్నాడు.

"అన్నా, చెయ్యి."

"ఏ చెయ్యి?"

చూసుకున్నాడు. చూసుకున్నాక కూడా "అబ్బా" అనలేదు. ఇంకెవరి చెయ్యో చూసినట్టు చూశాడు. తేలుంటే నేను అంత భయపడేవాణ్ణి కాదు.

మాట ఊళ్లోకి పాకింది. మధ్యాహ్నానికి జనం పోగయ్యారు. పై పలకను గడ్డపారలతో ఎత్తి పక్కకు జరిపితే కింద రాతి పెట్టె, సగం మట్టి. అందులో రెండు పుర్రెలు, కలిసిపోయిన ఎముకలు, ఒక మూల బోర్లించిన చిన్న గిన్నె. చెరుకాకు పరిచి ఒక్కొక్కటీ పైకి పెట్టాం. ఒక పుర్రె అన్నిటి లాంటిదే. రెండో దానికి ముక్కు ఉండాల్సిన చోట అంచులు అరిగి వెడల్పుగా, నున్నగా, లోటా మూతిలా ఉంది. దాని కింద పైదవడ ముందుపళ్లు ఊడి, దవడ లోపలికి కుంగింది. దాని పక్కనే దొరికిన వేళ్ల ఎముకలు కొసకు వచ్చేసరికి సన్నబడి సన్నబడి, బడిపిల్లలు చెక్కుకున్న బలపాల్లా మొనదేలి ఉన్నాయి.

జనం దగ్గరికి జరిగి వంగి చూశారు.  అప్పుడు మా పెద్దబాపు, అంటే బాపు వాళ్ల అన్న, ఊళ్లో ఆయన మాటంటే మాటే, కర్రతో ఆ ఎముకలను చూపించాడు.

"గీని చేతులకేమైందో సూడుండ్రి. ఇగ మనోని చెయ్యి సూడుండ్రి. లోపలున్నోడు పొలగాని చెయ్యి వట్టి గుంజుకున్నడు."

అందరి చూపూ అన్న చేతి మీదికి పోయింది. వంగిన చిటికెన వేలు, నెత్తుటి గుడ్డ. ఆ ఒక్క చూపుతో మా అన్న పనితనం పోయి రోగమైంది. కుష్ఠు అన్న పేరు ఎవరూ ఎత్తలేదు. పెద్దరోగం అని కూడా అనలేదు. 'గా రోగం' అన్నారు.

తర్వాతి రోజుల్లో అన్నను ఎవరూ పాకానికి పిలవలేదు. ఆయన ఎదురొస్తే చేతిలో చుట్ట ఉన్నవాళ్లు కూడా నిప్పు అడగలేదు. స్నానం చేస్తుంటే వీపు మీద పాలిపోయిన మచ్చ ఉందని పక్కింటివాళ్లు చూసి చెప్పారు. వదినె ఆ మచ్చను ఎప్పటినుంచో చూస్తోందట. దానంతటదే పోయే గాలిమచ్చ అనుకుందట. బాపు ఏడ్చుకుంటూనే తోట గట్టు మీద అన్నకు గుడిసె వేయించాడు. వదినె పూటపూటా అన్నం పట్టుకుపోయి, ఎంత చెప్పినా వినకుండా పక్కనే కూర్చుని తినిపించి వచ్చేది. చెల్లెలిని పుట్టింటికి తీసుకుపోతామని ఆమె అన్నదమ్ములు కబురు పెట్టారు.

నాకు వింతగా తోచింది వేరే ఉంది. 'లోపలున్నోడు గుంజుకున్నడు' అన్న మాట మా అన్నకు నచ్చింది. వచ్చిన ప్రతివాడికీ తనే చెప్పేవాడు.

"మొన్నటి దాంక నా చెయ్యి బంగారమసొంటి చెయ్యి. ఆ బెజ్జంల వెట్టిన, గంతే. గాడు వట్టుకున్నడు."

"దవాఖానకు పోదాం అన్నా" అన్నాను.

"దవాఖాన రోగమొచ్చినోళ్లకురా. నాది రోగం గాదు, గుడి వట్టింది."

నిజామాబాదు అవతల, ఊరికి దూరంగా, ఆ రోగానికి ఒక ఆస్పత్రి ఉండేది. దాని గేటు దగ్గర ఎవరైనా చూస్తే చాలు, ఆ మనిషి ఊళ్లో చచ్చినట్టే లెక్క. అన్నను కట్టేసి తీసుకుపోలేను. అప్పుడు ఒక ఉపాయం తోచింది. అన్న రానంటాడు. ఎముకలు రానని అనవు కదా. ఆ ముక్కు లేని పుర్రెను, చేతుల ఎముకలను, పాదాల ఎముకలను పాత చీర గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని బస్సెక్కాను.

ఆ బస్సు ప్రయాణంలో సంచి దానంతటది కదిలి నా ఒళ్లోకి ఎక్కిందని చెబుతుంటాను. కదిలింది నిజమే. ఆ రోడ్డు మీద ఎక్కినవాళ్లెవరైనా పక్కవాళ్ల ఒళ్లోకి ఎక్కేవాళ్లే. నా పక్కన మరాఠీ ముసలమ్మ ఒకామె సంచి మీద చెయ్యి ఆనించి, "హళద్?" అని అడిగింది. పసుపు కొమ్ములా అని. అవునన్నాను. ఆమె వేళ్లతో గుడ్డమీద నుంచే ఒక ఎముకను నలిపి చూసి, బాగా ఎండిందన్నట్టు తల ఊపింది. నిజామాబాదు వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు. నేను ఊపిరి తీసుకోలేదు.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరమ్మ, కోస్తా వైపు మనిషి, నెరిసిన జుట్టు. నా సంచి చూసి అడిగింది.

"ఏం తెచ్చావయ్యా?"

"ఎముకలమ్మా."

"ఎవరివి?"

"తెల్వదమ్మా."

ఆవిడ లేచి నిలబడింది. మనిషిని చంపి తెచ్చాననుకుందేమో. రాక్షస గుడి కథంతా చెప్పాక మళ్లీ కూర్చుంది. బల్ల మీద వార్తాపత్రిక పరిచి, పుర్రెను కిటికీ వెలుగులోకి తిప్పి చాలాసేపు చూసింది. తర్వాత చిన్న ఎముకలను ఒక్కొక్కటే తీసి, ఏది ఏ వేలిదో పోల్చుకుంటూ, కాగితం మీద చెయ్యి ఆకారంలో పేర్చింది. కొన్ని లేవు. ఆ చోటు ఖాళీగా వదిలింది. చూస్తూ చూస్తూ ఉండగానే, మా మెరక కింద ఎప్పటినుంచో పడుకున్న ఒక మనిషి బల్ల మీద చెయ్యి చాపాడు.

కిటికీ బయట మొక్కలకు నీళ్లు పోస్తున్న ముసలాయనను పిలిచింది. ఆయన ఆ ఆస్పత్రిలోనే రోగం మానిన మనిషి, అక్కడే ఉండిపోయాడు.

"తాతా, నీ చెయ్యి ఒకసారి ఇక్కడ పెట్టు."

ఆయన ఎముకల పక్కన తన చెయ్యి ఆనించాడు. పొట్టిబడి, మొనదేలిన వేళ్లు. ఒకదాని మీద కండ ఉంది, ఒకదాని మీద లేదు. అంతే తేడా. ముసలాయన వంగి చూసి, పొరుగువాణ్ణి గుర్తుపట్టినట్టు నవ్వాడు.

"గిదెవరు డాక్టరమ్మా, మనోడేనా?"

"మనవాడే అనిపిస్తున్నాడు తాతా."

"ఏ వార్డుల ఉన్నడు?"

నేను బల్ల నుంచి ఒకడుగు వెనక్కి జరిగాను. డాక్టరమ్మ మాత్రం నవ్వి ఆయన్ను పంపేసింది. తర్వాత నాతో అంది: "ఒట్టు పెట్టి చెప్పలేనయ్యా. మట్టి ఎముకను తింటుంది, ఎలకలు కొరుకుతాయి. కానీ ఎలక కొరికితే పంటి గాట్లు ఉంటాయి. ఇవి మనిషి బతికుండగానే అరిగి నునుపెక్కినవి. ఒక్క వేలే అయితే పట్టించుకోను. ముక్కు, దవడ, చేతులు, పాదాలు, అన్నీ ఒకే దారిలో పోయాయి. ఈయన నడిచొచ్చి నా ముందు కూర్చుంటే బిళ్లలు ఇచ్చి ఉండేదాన్ని."

"ఎంత పాతయమ్మా ఇవి?"

"అది నా చదువు కాదు. పురావస్తు శాఖవాళ్లకు రాస్తాను. మనం రాజులూ గుళ్లూ అంటామే, అంతకంటే ముందువాళ్లు ఇట్లా రాళ్లలో పెట్టేవారంటారు. అవి తీసిన చోటే పెట్టి కప్పేయండి. ఎవరూ కెలకొద్దు."

"గివి ముట్టుకుంటే అంటుకుంటదా?"

"నేను ముట్టుకుంటున్నాను కదా." ఆవిడ కళ్లద్దాలు తీసింది. "ఇప్పుడు అసలు సంగతి చెప్పు. నువ్వు ఎవరి చెయ్యి గురించి వచ్చావు?"

చెప్పాను. చీరుకున్న వేలు, వంగిన చిటికెన వేలు, వీపు మీద మచ్చ. గుంత తవ్వి ఇంకా నెల కాలేదన్నాను.

"ఈ రోగం ఒంట్లో చేరి పైకి తేలడానికి ఏళ్లు పడుతుంది. మొన్న తవ్విన గుంత మొన్నే అంటించదు. మీ అన్న చేతికి వేడి తెలియకుండా పోయి ఎన్నాళ్లయింది?"

తెలియదమ్మా అనబోయి ఆగిపోయాను. తెలుసు. ఊరంతటికీ తెలుసు. చుట్టుపక్కల ఊళ్లకూ తెలుసు. ఉడికే పెనం, చన్నీళ్లు ముట్టని వేళ్లు, చుట్టూ చేరి 'వారెవా' అనే జనం. ఏడాదికేడాది మా అన్న చెయ్యి కాలిపోతుంటే మేమందరం నిలబడి చూసి మెచ్చుకున్నాం. ఆ వేళ్లు ఎప్పుడో, మా కళ్ల ముందే, రాతి పెట్టెలోని వేళ్ల వైపు నడవడం మొదలుపెట్టాయి. పొయ్యి వెలుగులో వాటికి జేజేలు కొట్టింది మేమే.

"ఇప్పుడొస్తే ఉన్న వేళ్లు ఉంటాయి. పోయిన స్పర్శ తిరిగి వస్తుందని చెప్పను. ఆలస్యం చేస్తే..." అని ఆవిడ కాగితం మీది చేతివైపు చూసింది. 

ఊరు చేరేసరికి వదినె అన్నదమ్ముల ఎడ్లబండి తోట గట్టు మీదే ఉంది. వదినె మూట బండిలో ఉంది. వదినె మాత్రం గుడిసె ముందు అన్న పక్కన కూర్చుంది. ఆమె అన్న, తమ్ముడు అల్లంత దూరంలో నిలబడ్డారు. బాపు ఇంకా దూరంగా తలపాగా విప్పి మొహం తుడుచుకుంటున్నాడు. నేను సంచి దించి డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. రోగం పాతదని, గుడి పట్టలేదని, బిళ్లలున్నాయని, పాకం పట్టినప్పటినుంచే ఉందని.

అన్న కోపంతో లేస్తాడనుకున్నాను. లేవలేదు. నెమ్మదిగా అడిగాడు.

"అంటే... నా పాకం?"

"ఏందన్నా?"

"నీళ్లు ముట్టకుంట వట్టిన పాకం. గది పనితనం గాదా? వేలు సచ్చిపోయి వట్టిన్నా?"

అప్పుడు అర్థమైంది నాకు, రాక్షసుడు ఆయనకు ఎందుకు ముద్దో. రాక్షసుడైతే మొన్ననే పట్టుకున్నాడు, అంతకు ముందుదంతా అన్న సొంతం. రోగమైతే మొదటినుంచీ అన్నీ దానివే. చెయ్యి పోయినా ఓర్చుకునేలా ఉన్నాడు గానీ, ఆ పేరు పోతే ఓర్చుకునేలా లేడు.

"నేను రాను. ఎవరడిగినా గుడి వట్టిందనే చెప్పుండ్రి. గీడనే ఉంట" అన్నాడు.

ఇక్కడ నేను నా పని మొదలుపెట్టాను. "ఇంకో మాట గూడ చెప్పిందే డాక్టరమ్మ. ఆ పెట్టెల ఉన్న ఇద్దరు మొగడు పెండ్లాలట. రోగమొచ్చినా ఆమె ఇడిసిపోలేదట. సచ్చినంక ఇద్దర్ని ఒక్కతాననే వెట్టిన్రట" అన్నాను, వదినె అన్నదమ్ములకు వినబడేలా.

వదినె నా వైపు తిరిగింది. "డాక్టరమ్మ అన్నదా, నువ్వన్నవా మరిదీ?"

"అమ్మతోడు, ఆమెనే అన్నది."

"నీ ఏడడుగుల రాక్షసుని లెక్కనా?"

బాపు కూడా నవ్వాడు. అవును, ఆవిడ అనలేదు. అనడానికి ఆవిడ రెండో మనిషిని చూడనే లేదు. ఆ ఎముకలు గుంతలోనే ఉన్నాయి. వాళ్లు మొగుడూ పెళ్లాలో, అన్నదమ్ములో, ఎవరికెవరూ కానివాళ్లో ఎవరికి తెలుసు? నా అబద్ధం అక్కడెవరికీ అక్కరకు రాలేదు. అక్కరకొచ్చింది వదినె ప్రశ్న. ఆమె అన్నవైపు తిరిగి, గొడవ పడే గొంతుతోనే అడిగింది.

"నీ వేళ్లకు ఏం తెల్వదు గద?"

"తెల్వదంటున్నరు గద."

"మరి పాకం ఉండ కట్టిందని ఎట్ల తెలిసేది? వేళ్లకు తెల్వనప్పుడు గట్టిదేదో మెత్తదేదో ఎవ్వలు చెప్పిన్రు నీకు?"

అన్న తన వేళ్లవైపు చూసుకున్నాడు.

"చెప్పు. ఒక్కనాడన్న మాడగొట్టినవా?"

"లేదు."

"ఎట్ల తెలిసింది?"

అన్న పెనం ముందు కూర్చున్నట్టు తల పక్కకు వంచాడు. "సప్పుడు మారుతది" అన్నాడు. "బుడగ సిన్నగైతది. పెద్ద బుడగకు ఒక సప్పుడు, సిన్నదానికి ఒక సప్పుడు. వాసన గూడ..." ఆగాడు. "వేలు ఊకె వెట్టేటోన్ని. జనం సూడాలెనని."

"గది నీది. వేలు రోగానిది. వేలు గా డాక్టరమ్మకు ఇచ్చెయ్యి" అంది వదినె.

ఆయన సంచి దగ్గరికి జరిగి గుడ్డ విప్పాడు. వేళ్ల ఎముకలను తీసి, డాక్టరమ్మ పేర్చినట్టు పేర్చలేక, ఒక వరసలో పెట్టుకుని తన చెయ్యి వాటి పక్కన ఆనించాడు.  ఒక ఎముకను గోటితో తట్టాడు. "గీనికి గూడ కాలకపోయేనేమో" అన్నాడు మెల్లగా, "ఊళ్లె ఏమన్నరో."

వదినె లేచి తన అన్నతో అంది: "బండి కట్టు అన్నా."

"కడత. మూట ఎట్లనో అండ్లనే ఉన్నది, ఇంటికి పోదాం."

"ఇంటికి గాదు. దవాఖానకు."

"మేమొచ్చింది నిన్ను తోల్కపోనీకి."

"నన్నే తోల్కపోతున్నరు. బండి గదే, ఎడ్లు గవే. తొవ్వ జెర పొడుగు."

వాళ్లు చాలాసేపు గొణిగారు. చివరికి తమ్ముడు కాడి ఎత్తాడు. మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. బస్సులో పోతే తెలిసినవాళ్లు ఉంటారని బండి మీదే పోయాం. వదినె అన్నదమ్ములిద్దరూ నొగల మీద, ఎడ్ల తోకలకు అంటుకుపోయినంత ముందుకు జరిగి కూర్చున్నారు. కంఠేశ్వర్ దగ్గర ఎడ్లకు నీళ్లు పెట్టినప్పుడు కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఆస్పత్రి గేటు కనబడగానే బండి ఆపేసి, ఇక మీరు నడవండన్నారు. అక్కడిదాకా తెచ్చారు, అదే చాలు.

ఇక ఎముకల సంగతి. వాటిని నేనూ బాపూ తీసిన చోటే పెట్టి పలక మూశాం. బాపు కొబ్బరికాయ కొట్టాడు. పొయ్యి ఇంకోచోట పెట్టుకున్నాం. తర్వాతెప్పుడో ఎవరో వచ్చి రాళ్లకు ఫొటోలు తీసుకుపోయారట, నేను ఊళ్లో లేను. మా అన్న, ఆనాడు ఉన్న వేళ్లన్నిటితోనూ, నాతో పొలం గట్ల పంచాయితీ పెట్టుకునేంత కాలం బతికాడు. కానీ నాకు మా అన్న అనగానే గుర్తొచ్చేది ఆ మొదటిరోజు.

డాక్టరమ్మ రెండు గాజు గొట్టాలు తెచ్చింది. ఒకదాంట్లో వేడినీళ్లు, ఒకదాంట్లో చన్నీళ్లు. అన్నను కళ్లు మూసుకోమని, ఏది తగిలిస్తున్నానో చెప్పమంది.

"వేడి" అన్నాడు అన్న. సరిగ్గా చెప్పాడు.

"సల్లన."

"సల్లన. మళ్ల వేడి."

ఒక్కటీ తప్పలేదు. డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది. ఇదంతా వట్టిదేనేమోనని నాకు ఆశ పుట్టింది. గుమ్మం దగ్గర నిలబడ్డ వదినె అంది: "డాక్టరమ్మా, గాయన మొఖానికి సెగ తాకుతున్నది. గట్ల గాదు."

"నీకెందుకే నడుమ" అన్నాడు అన్న, కళ్లు మూసుకునే నవ్వుతూ.

డాక్టరమ్మ కూడా నవ్వింది. అన్న చేతికీ మొహానికీ మధ్య తువ్వాలు అడ్డం కట్టించి, గొట్టాలు పక్కన పెట్టి, దూది పోగు ఒకటి తీసుకుంది. "తగిలినప్పుడు చెప్పు" అంది.

దూది చిటికెన వేలి కొస మీద ఆగింది. ఉంగరం వేలి మీదుగా జారి, నడిమి వేలికి, చూపుడు వేలికి పోయింది. అరచేయి దాటి మణికట్టు దాకా వచ్చింది. ఆవిడ మళ్లీ మొదటినుంచి, ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టింది.  వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దూది ఒక్కో వేలి మీదా ఆగి, ముందుకు పోతోంది. అన్న బుద్ధిగా, కళ్లు మూసుకుని, చెయ్యి చాపి కూర్చున్నాడు. కొంతసేపటికి ఆయనకు విసుగొచ్చింది.

"కానియ్యుండ్రి డాక్టరమ్మా" అన్నాడు. "ఇంక షురూ చేస్తలేరేంది?"

ఆవిడ దూది ఎత్తి పట్టుకుంది. "అయిపోయిందయ్యా."

అన్న వెంటనే కళ్లు తెరవలేదు. తువ్వాలు వెనక ఆయన మొహం ఎట్లా ఉందో నాకు కనబడలేదు. ఏడ్చాడని చాలామందికి చెప్పాను, నిజానికి నేను చూడలేదు. గొంతు మాత్రం మామూలుగానే వచ్చింది.

"గట్లనా" అన్నాడు. "అయితే మీ రిజిస్టర్ల నన్ను రాసుకోండ్రి."